లక్షకు నాలుగేళ్ళు, 64 కోట్లకు సున్నా

(మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను ఈరోజు మాట్లాడమన్నది భూమి పట్టాల గురించి. ఆ కాగితాలన్నీ సంచిలో తెచ్చుకున్నాను. కానీ పొద్దున టీ బంకు కాడ గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. "అన్నా, బంగారు లక్ష్మణ్‌ని మనోడు గాబట్టే గదా ఇరికిచ్చింది? పెద్ద కులపోడైతే చెయ్యి వేసేవాళ్ళా?" అన్నాడు. ఆ పక్కనే బీడీ తాగుతున్న పెద్దాయన ఊరుకోలేదు. "ఏంరా అబ్బాయ్, తీసుకున్నాడా లేదా? టీవీలో దేశమంతా చూళ్ళా? మనోడైతే మాత్రం లంచం లంచం గాకుండా పోద్దా?" అన్నాడు. ఇద్దరూ నా మొహం చూశారు. నా టీ చల్లారిపోయింది. సభలో చెప్తానని తప్పించుకున్నాను. తప్పించుకున్నాను గాబట్టి చెప్పాల్సిందే. పట్టాల సంగతి అన్నాలు తిన్నాక చూద్దాం.

ఈడ కూర్చున్న పిల్లల్లో చాలామందికి ఆయన ఎవరో తెలియకపోవచ్చు. బంగారు లక్ష్మణ్ తెలుగువాడు, హైదరాబాదు మనిషి, దళితుడు. ఏ ఉపకులం అని ఎవరూ అడగొద్దు, ఈ కథలో దాంతో పని లేదు. చిన్నప్పుడే ఆరెస్సెస్‌లో చేరాడు, ఎమర్జెన్సీలో జైలుకి పోయాడు. 1996లో గుజరాత్ నుంచి రాజ్యసభకు పోయాడు. వాజపేయి ప్రభుత్వంలో రైల్వే సహాయ మంత్రి అయ్యాడు. 2000 ఆగస్టులో భారతీయ జనతా పార్టీకి జాతీయ అధ్యక్షుడయ్యాడు. ఆ పార్టీకి అధ్యక్షుడైన మొదటి దళితుడు ఆయనే. ఆ రోజుల్లో మన పల్లెల్లో కూడా, ఆ పార్టీ ముఖం చూడనివాళ్ళు సైతం, "మనోడు ఢిల్లీలో పెద్ద కుర్చీ ఎక్కాడంట" అని చెప్పుకున్నారు. నేనూ చెప్పుకున్నాను. దాచేదేముంది?

ఏడు నెలలు గడిచాయి. 2001 మార్చి 13న తెహల్కా అనే వార్తాసంస్థ కొన్ని వీడియోలు బయటపెట్టింది. విలేకరులు ఆయుధాల వ్యాపారుల్లాగా వేషం కట్టారు. లండన్ కంపెనీ అని వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అనే పేరు పెట్టుకున్నారు. అట్టాంటి కంపెనీ భూమ్మీద యాడా లేదు. చీకట్లో మనిషిని వేడిని బట్టి చూపించే యంత్రాలు సైన్యానికి అమ్ముతాం, రక్షణ శాఖలో కాస్త చెప్పండి అని తిరిగారు. రహస్య కెమెరా సంచిలో ఉంది. 2001 జనవరి 5న బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు అందుకుని బల్ల సొరుగులో పెట్టడం అందులో కనిపించింది. పార్టీ నిధికి తీసుకున్నానన్నాడు. పదవికి రాజీనామా చేశాడు. కేసు సీబీఐ చేతికి పోయింది. 2012 ఏప్రిల్ 27న ఢిల్లీ సీబీఐ కోర్టు నేరం రుజువైందంది. మర్నాడు నాలుగేళ్ళ కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా వేసింది. ఆయన దగ్గర పనిచేసిన సెక్రటరీయే అప్రూవర్‌గా మారాడు. తర్వాత హైకోర్టు బెయిలిచ్చింది. 2014 మార్చి 1న హైదరాబాదులో చనిపోయాడు.

కథలో యంత్రం లేదు, కంపెనీ లేదు, అమ్మకం లేదు. సైన్యానికి ఒక్క మేకు కూడా రాలేదు. లక్ష రూపాయలు మాత్రం నిజం, నాలుగేళ్ళు నిజం.

ఇప్పుడు రెండో కథ. ఇందులో ఫిరంగులు నిజం, కంపెనీ నిజం, స్విట్జర్లాండ్ బ్యాంకు ఖాతాలు నిజం, డబ్బు నిజం. శిక్ష ఒక్కటే లేదు. అదే బోఫోర్స్.

బోఫోర్స్ అనే మాట మన ఊళ్ళకి 1989లో వచ్చింది. మా ఊళ్ళో దాన్ని 'బోపర్సు' అనేవాళ్ళు. అదేదో మందుగుళిక అనుకుంది మా అవ్వ. గోడల మీద సున్నంతో రాశారు, జీపుల్లో మైకులు పెట్టి అరిచారు. ఏంది అది అని మాకు ఏ పార్టీవాడూ కూర్చోబెట్టి చెప్పలేదు. దొంగ, దొంగ అన్నారు, ఓటెయ్యమన్నారు, పోయారు. అందుకని నేను ఇవాళ నిదానంగా చెప్తాను.

మీరంతా పశువుల సంత చూసినవాళ్ళే. అమ్మేవాడు ఒక పక్క, కొనేవాడు ఒక పక్క, నడుమ దళారి. దళారి తుండుగుడ్డ పరిచి, దాని కింద అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు. ఏ వేలు నొక్కితే ఎంతో వాళ్ళిద్దరికే తెలుసు. మళ్ళీ కొనేవాడి చెయ్యి పట్టుకుంటాడు. పక్కన నిలబడ్డవాడికి గుడ్డ కదలడమే కనిపిస్తది. బర్రె చేతులు మారుద్ది. అమ్మినవాడికి ఎంత పోయింది, కొన్నవాడు ఎంత ఇచ్చాడు, నడుమ ఎంత రాలింది, ఆ గుడ్డకే తెలియాలి. ఆయుధాల బేరం కూడా అంతే. ఆడ ఆ తుండుగుడ్డకు 'దేశ భద్రత' అని పేరు. గుడ్డ ఎత్తి చూపించమంటే దేశద్రోహం.

1986 మార్చి 24న భారత ప్రభుత్వం స్వీడన్ దేశపు బోఫోర్స్ కంపెనీతో 155 మిల్లీమీటర్ల ఫిరంగులు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఫిరంగులు 400 పైచిలుకు. ఖరీదు 1,437 కోట్లు. అప్పుడు ప్రధాని రాజీవ్ గాంధీ. ఈ బేరంలో దళారులు ఉండకూడదని మన ప్రభుత్వం ముందే చెప్పింది. కంపెనీ లేరనే చెప్పింది. సరే. 1987 ఏప్రిల్ 16న స్వీడన్ రేడియో ఒక వార్త చదివింది. బేరం కుదర్చడానికి బోఫోర్స్ వాళ్ళు భారతదేశంలో పెద్దవాళ్ళకు లంచాలిచ్చారని. మన రేడియో గాదు, మన పత్రిక గాదు. అమ్మినవాడి ఊళ్ళో రేడియో. తర్వాత హిందూ పత్రికలో చిత్రా సుబ్రమణ్యం, ఎన్. రామ్ కాగితాలు ఒక్కొక్కటే బయటకు తీశారు. ఆ కాగితాలు ఇచ్చింది స్వీడన్ పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్ అని 2012లో గాని లోకానికి తెలియలేదు. పాతికేళ్ళు నోరు మూసుకుని ఉన్నాడాయన.

అందులో ఒక్క సంగతి చెప్తా, గుర్తుపెట్టుకోండి. ఏ.ఈ. సర్వీసెస్ అనే బ్రిటిష్ కంపెనీతో బోఫోర్స్ 1985 నవంబరులో ఒక ఒప్పందం రాసుకుంది. ఏమనంటే, 1986 మార్చి 31 లోపల భారతదేశం ఆర్డరు ఇస్తేనే నూటికి మూడు ఇస్తాం, గడువు దాటితే ఏమీ లేదు. ఆర్డరు మార్చి 24న వచ్చింది. గడువుకి వారం ముందు! ఆ సెప్టెంబరులో 73 లక్షల డాలర్లు ఏ.ఈ. సర్వీసెస్ ఖాతాలో పడ్డాయి. ఆడి నుంచి ఆ డబ్బు ఒట్టావియో ఖత్రోచీ అనే ఇటలీ వ్యాపారికి సంబంధించిన ఖాతాల్లోకి పోయిందని సీబీఐ చెప్పింది. రాజీవ్ గాంధీ కుటుంబానికి తెలిసినవాడు ఈ ఖత్రోచీ. మొత్తం ముడుపులు 64 కోట్లని దేశమంతా చెప్పుకున్న లెక్క. అంటే నూటికి నాలుగున్నర.

రాజీవ్ గాంధీ తానుగానీ తన కుటుంబంగానీ ఒక్క పైసా తీసుకోలేదని పార్లమెంటులో చెప్పాడు. ఆయన చనిపోయిన 13 ఏళ్ళకు, 2004 ఫిబ్రవరిలో, ఢిల్లీ హైకోర్టు కూడా ఆయన లంచం తీసుకున్నట్టు ఆధారం లేదంది. అది కూడా చెప్పాలి మనం. మనకు నచ్చిన తీర్పే చెప్పి, నచ్చనిది దాచిపెడితే మనకీ జీపుల్లో అరిచినోళ్ళకీ తేడా లేదు.

ఇక్కడ ఒక మనిషిని మీకు చూపించాలి. ఈ బోఫోర్స్ మీద 1987లో పార్లమెంటు సంయుక్త సంఘం వేశారు. ప్రతిపక్షాలు ఇదంతా కప్పిపుచ్చే పని, మేం రామని బయటే ఉండిపోయాయి. ఆ సంఘానికి అధ్యక్షుడెవరు? బి. శంకరానంద్. కర్ణాటకలో చిక్కోడి రిజర్వుడు సీటు నుంచి 1967 మొదలుకొని వరసగా గెలిచిన దళిత నాయకుడు. 1988లో ఆ సంఘం రిపోర్టిచ్చింది. దళారులు లేరు, లంచాలు లేవు, అంతా బాగుంది. తమిళనాడు సభ్యుడు ఆలడి అరుణ ఒక్కడు నేనొప్పుకోనని విడిగా రాశాడు. మరుసటి ఏడు కాగ్ రిపోర్టు వచ్చి ఫిరంగుల ఎంపికనే తప్పుబట్టింది. 1989 జూలైలో ప్రతిపక్ష ఎంపీలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. అందులో మన తెలుగుదేశం వాళ్ళూ ఉన్నారు.

ఆలోచించండి. కాంగ్రెస్‌లో అంతమంది బ్రాహ్మలు, ఠాకూర్లు, రెడ్లు ఉండగా, ఆ పాడు రిపోర్టు మీద మొదటి సంతకం పెట్టడానికి మాత్రం దళితుడు కావాల్సొచ్చాడా? నేను ఆయన్ని తిట్టడం లేదు. ఆయనకు ఇష్టమయ్యే పెట్టాడేమో. నేనడిగేది వేరే. సంతకం మనది, సొమ్ము వాళ్ళది. ఈ పద్ధతి మన ఊళ్ళో లేదా? రిజర్వేషన్ సర్పంచ్ మనవాడు. స్టాంపు యాడుంటది? పెద్దాయన ఇంట్లో. చెక్కు మీద వేలు యాడ పెట్టాలో చూపించేది ఎవరు? పంచాయతీ ఆఫీసులో కుర్చీ ఖాళీగా ఉన్నా కింద కూర్చునే సర్పంచుల్ని ఈ తాలూకాల్లో నేను కళ్ళారా చూశాను. ఆడిట్ వచ్చిననాడు మాత్రం సంతకం ఎవరిది అని అడుగుతారు. అప్పుడు కుర్చీ మనోడికి వస్తది.

బాబాసాహెబ్ 1932లో పూనా ఒడంబడిక మీద సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడే దీన్ని చూశాడు. మన ఓటుతో మన మనిషిని మనమే ఎన్నుకునే హక్కు పోయింది. సీటు మనకు ఉంటది, గెలిపించే ఓట్లు వాళ్ళవి. అట్టా గెలిచినోడు ఎవరి మాట వింటాడు? సరిగ్గా 50 ఏళ్ళకు, 1982లో, కాన్షీరాం 'చంచా యుగం' అని పుస్తకం రాశాడు. చంచా అంటే గరిటె. గరిటె తనంతట తాను కూరలోకి దిగదు, పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటది. శంకరానంద్ సంతకం, బంగారు లక్ష్మణ్ బల్ల సొరుగు, మన సర్పంచ్ వేలిముద్ర, మూడూ ఒక్క సంచిలోవే.

1989 ఎన్నికల సంగతి ఒక మాట చెప్పి ముందుకు పోతా. దేశమంతా బోఫోర్స్ గాలి వీచింది. రాజీవ్ ఓడిపోయాడు, వి.పి. సింగ్ ప్రధాని అయ్యాడు. నేషనల్ ఫ్రంట్ చైర్మన్ మన ఎన్.టి. రామారావే. కానీ ఆయన సొంత రాష్ట్రంలో ఏమైంది? 42 లోక్‌సభ సీట్లలో 39 కాంగ్రెస్‌కి పోయాయి. అసెంబ్లీ కూడా పోయింది. ఎందుకు? పెద్ద పత్రికలు వందా తొంభై కారణాలు రాశాయి. మన పల్లెల కారణం ఒక్కటే, అది 1985 జూలై 17. కారంచేడు. అప్పట్లో మన ప్రకాశం జిల్లానే, తూర్పు వైపు. ముఖ్యమంత్రితో వియ్యమందిన ఇంటివాళ్ళ ఊరు. చెరువులో బర్రెల కుడితి కడగొద్దన్నందుకు మొదలైన గొడవ. మర్నాడు ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు, ఆడపిల్లల్ని చెరిచారు. చీరాల శిబిరంలో పడి ఉన్నవాళ్ళకు 64 కోట్ల లెక్క ఎవడిక్కావాలి? ఫిరంగుల దొంగని దించండని ఏ నోటితో మనల్ని అడిగారో ఆ నోరు కారంచేడు మీద ఏం మాట్లాడిందో మన వాళ్ళు చూశారు. బోఫోర్స్ తప్పు కాదని మనం అనలేదు. నువ్వెవరు మాకు చెప్పడానికి అన్నాం, అంతే.

తర్వాత కోర్టుల కథ. తేదీలు వినండి, నిద్ర పోకండి. 1990 జనవరిలో సీబీఐ కేసు కట్టింది. 1993 జూలైలో ఖత్రోచీ దేశం దాటిపోయాడు, అప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు. 1999 అక్టోబరులో చార్జిషీటు. 2001లో ముద్దాయిల్లో ఇద్దరు విచారణ కాకుండానే చనిపోయారు. 2005లో ఢిల్లీ హైకోర్టు హిందూజా సోదరుల మీద కేసు కొట్టేసింది. ఈ కేసు మీద ప్రభుత్వం 250 కోట్లు ఖర్చుపెట్టిందని ఆ తీర్పులోనే జడ్జి అన్నాడు. 2006 జనవరిలో లండన్‌లో ఆపిపెట్టిన ఖత్రోచీ ఖాతాలు విడిపించారు. 2007లో అర్జెంటీనాలో దొరికాడు, తీసుకురాలేకపోయారు. ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ మాత్రం, 41 కోట్ల చిల్లర ముడుపులు పోయిన మాట నిజం, దాని మీద పన్ను కట్టాలి అంది. రెండు నెలలు దాటగానే, 2011 మార్చిలో, ఢిల్లీ కోర్టు ఖత్రోచీ మీద కేసు ఎత్తేసింది. చూశారా చిత్రం? పన్ను కట్టడానికి ముడుపు ఉంది, జైలుకి పోవడానికి లేదు. 2013లో అతను పోయాడు. 2018 నవంబరులో సీబీఐ అప్పీలుని, ఇన్నేళ్ళు ఆలస్యమెందుకైందని, సుప్రీంకోర్టు కొట్టేసింది. 64 కోట్లంటే 6,400 లక్షలు. లక్షకు నాలుగేళ్ళ లెక్కన ఎంతవుద్దో మీరే వేసుకోండి. ఒక్కరికి ఒక్కరోజు శిక్ష లేదు.

1999లో కార్గిల్ యుద్ధంలో ఆ ఫిరంగులు బాగా పనిచేశాయి గదా అనేవాళ్ళున్నారు. పనిచేశాయి, నిజమే. బర్రె పాలిస్తే దళారి తిన్నది తిన్నట్టు కాకుండా పోద్దా?

మన కేసుల తేదీలు కూడా పక్కన పెట్టి చూడండి. కారంచేడు 1985. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబరు. ఒక్కడికి యావజ్జీవం, మిగతావాళ్ళకు మూడేళ్ళు. చుండూరు 1991 ఆగస్టు 6, ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేశారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకుంటే 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆరుగురి ప్రాణాలకు 23 ఏళ్ళు, 64 కోట్లకు 31 ఏళ్ళు. కోర్టు ఎవరికి నిదానమో, ఎవరికి తొందరో తెలిసింది గదా. లక్షకు మాత్రం పదకొండేళ్ళలో అయిపోయింది.

సరే, గిద్దలూరు తమ్ముడి ప్రశ్నకు వస్తా. అదే వీడియోల్లో ఇంకా ఎవరెవరు ఉన్నారు? రక్షణమంత్రి జార్జి ఫెర్నాండెజ్ అధికార నివాసంలో, ఆయన పార్టీ అధ్యక్షురాలు జయా జైట్లీ కూడా ఉంది. ఫెర్నాండెజ్ రాజీనామా చేశాడు. విచారణ కమిషన్ పని ఇంకా నడుస్తుండగానే, ఆ అక్టోబరులోనే మళ్ళీ రక్షణమంత్రి కుర్చీలో కూర్చున్నాడు. బంగారు లక్ష్మణ్‌కి పార్టీలో ఆ కుర్చీ మళ్ళీ దక్కలేదు. జైట్లీకి 2020 జూలైలో శిక్ష పడింది, అదీ నాలుగేళ్ళే. హైకోర్టు ఆరోజే అమలు ఆపింది. దళితుడికి 2012లో పడ్డది, ఆమెకు పడటానికి ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది. ఆయన్ని ముందు వదులుకున్నారా? వదులుకున్నారు. పెద్దకులం నాయకుడైతే పార్టీ ఇంకొంచెం మోసేదా? నాకైతే మోసేదనే అనిపిస్తది. తమ్ముడి కోపంలో అబద్ధం లేదు.

మరి పెద్దాయన మాట? అదీ నిజమే. తీసుకున్నాడు. తీసుకోవద్దని ఎవరూ చేతులు కట్టేయలేదు. ఈ రెండు నిజాలు ఒకే నోటితో చెప్పడం కష్టం. ఎందుకు కష్టమో మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా నాయనకు బర్రె లోన్ వచ్చింది. ఏ ఆఫీసు నుంచో పేరు చెప్పను, ఆ ఆఫీసు ఒక్కటే అట్టాంటిది కాదు గనక. మధ్యవర్తి మా పల్లెవాడే. మాకు బావ వరస. చదువుకున్నోడు, ఆఫీసులో చొక్కా నలగకుండా తిరగడం తెలిసినోడు. కాగితం మీద బర్రె ఒకటి, ఇంటికొచ్చిన బర్రె ఇంకొకటి. నిజం చెప్పాలంటే ఇంటికి రాలేదు కూడా. ఒకే బర్రె మా ఇంటి ముందు, చిన్నాయన ఇంటి ముందు, ఇంకో ఇంటి ముందు నిలబడి ఫోటో దిగింది. ఫోటోల్లో మెడ పలుపు కూడా అదే. మా నాయన చేతిలో కొంత డబ్బు పెట్టారు. మిగతాది ఆఫీసులో ఇంత, బ్యాంకులో ఇంత, బావకు ఇంత. సంతలో తుండుగుడ్డ అన్నా ఉంటది, మాకు అదీ అక్కర్లేకపోయింది, మేమే కళ్ళు మూసుకున్నాం.

మూడేళ్ళకు నోటీసు వచ్చింది. ఎవరికి? బావకు రాలేదు, ఆఫీసరుకు రాలేదు. మా నాయనకు వచ్చింది. అసలు, వడ్డీ, మొత్తం. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నా, ఆవేశంగా ఉన్నా, కలెక్టరుకు అర్జీ రాస్తానన్నా. పల్లె పెద్దలు కూర్చుని ఏమన్నారో తెలుసా? "వాడు మనోడు, వాడి మీద రాస్తే ఊరోళ్ళు నవ్వుతారు. ఊళ్ళో రెడ్డి తినలేదా, కాంట్రాక్టరు తినలేదా? మనోడు తినేటప్పటికే మీకు న్యాయం గుర్తొచ్చిందా?" అన్నారు. నాకు సమాధానం దొరకలేదు. అర్జీ రాయలేదు. ఆ అప్పు తీర్చడానికి మా నాయన పలకల క్వారీకి పోయాడు.

మార్కాపురం పలక సంగతి మీకు నేను చెప్పాలా? ఎన్ని ఊళ్ళ పిల్లలు దాని మీద అఆలు దిద్దారో! దాన్ని కోసి, గీసి, నునుపు చేసినవాడి రొమ్ములో దుమ్ము మిగిలింది. మా నాయన దగ్గు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అందుకే చెప్తున్నా. "మనోడు తిన్నాడులే" అన్న మాట ఖరీదు తిన్నోడు కట్టలేదు, రెడ్డి కట్టలేదు, నోటీసు వచ్చిన ముసలోడు కట్టాడు. బావ మీద అర్జీ రాసి, దాంతోపాటే ఆఫీసరు మీదా, బ్యాంకువాడి మీదా, రెడ్డి కాంట్రాక్టు మీదా రాసి ఉండాల్సింది. నాలుగూ ఒకే కాగితం మీద. నేను ఒక్కటీ రాయలేదు. ఊరోళ్ళు నవ్వుతారని ఆగాను. తర్వాత ఊరోళ్ళు నవ్వనూ లేదు, మమ్మల్ని పట్టించుకోనూ లేదు.

బంగారు లక్ష్మణ్ విషయంలో నా మాట కూడా ఇదే. కులం చూసి వదలమని అడగను. ఆయన్ని పట్టుకున్న చట్టాన్ని 64 కోట్ల గుమ్మం కాడికి ఎందుకు నడిపించలేదని అడుగుతా. ఆ లక్ష పార్టీ నిధి అన్నాడు గదా, మరి పార్టీ నిధుల్లో ఇట్టాంటి లక్షలు ఎన్ని ఉన్నాయి, ఏ పార్టీకి ఎన్ని ఉన్నాయి, అది ఎందుకు తేల్చలేదని అడుగుతా.

ఒక అక్క ఇందాక చీటీ పంపింది. "ఢిల్లీ ఫిరంగుల గోల మనకెందుకు, నీళ్ళ గురించి మాట్లాడు" అని. మంచి చీటీ అక్కా. ఫిరంగుల గోల నీళ్ళ గోల ఒకటే. 1951లో బాబాసాహెబ్ నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా చేసినప్పుడు ఇచ్చిన ప్రకటనలో ఈ లెక్క ఉంది. ఏటా వచ్చే ఆదాయం 350 కోట్లు, అందులో 180 కోట్లు సైన్యానికే పోతోంది, ఇది మోయలేని ఖర్చు అన్నాడు. రాజీనామా అనగానే హిందూ కోడ్ బిల్లు ఒక్కటే మనకు గుర్తుంటది, ఈ లెక్క ఎవరూ చెప్పరు. సైన్యం వద్దని ఆయన అనలేదు, మహర్ పటాలం కోసం కొట్లాడినవాడే ఆయన. ఖర్చుకి లెక్క అడిగాడు. మన అగ్గిపెట్టె మీద, ఉల్లిగడ్డ లారీ డీజిలు మీద కట్టిన పన్ను కూడా ఆ 1,437 కోట్లలో ఉంది. ఫిరంగుల ఆర్డరు మీద సంతకం గడువుకి వారం ముందే పడింది. మన వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన రాయి వేశారు. సొరంగాల ప్రారంభోత్సవం రిబ్బను 2024 మార్చిలో కత్తిరించారు. ఆ 28 ఏళ్ళలో ఈ మెట్ట ఊళ్ళలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎన్ని నడుములు వంగాయో, ఎన్ని పళ్ళు గారపట్టాయో మీ పక్కన కూర్చున్నవాళ్ళను చూస్తే చాలు. నీళ్ళకు గడువు పెట్టి మూడు శాతం ఇస్తానన్న కంపెనీ ఏదీ లేకపోయె!

ఇక పని సంగతి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. ఫిరంగుల కాగితాలు అడిగితే దేశ భద్రత అని తుండుగుడ్డ కప్పే వీలు అందులోనే ఉంది. బర్రె కాగితాలకు ఆ గుడ్డ లేదు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం ఊరి స్థాయి ఆఫీసులో అర్జీకి రుసుము లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్ళకు రుసుమే లేదు, దానికి రుజువు నకలు పెడితే చాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రతి పల్లె నుంచి ఒక్క అర్జీ. గత అయిదేళ్ళలో మా పల్లె పేరు మీద మంజూరైన లోన్లు ఎన్ని, ఎవరెవరికి, ఎంతెంత, ఫోటోల నకళ్ళతో సహా. ఫోటోలు తప్పకుండా అడగండి, బర్రె మెడలో పలుపు చూడాలి. జాబితాలో మనోడి పేరొచ్చినా, నా బావ పేరొచ్చినా కొట్టేయొద్దు. పెద్దోళ్ళ పేర్లు ఉన్న కాగితం కూడా వచ్చేదాకా రెండో అర్జీ, మూడో అర్జీ వెయ్యండి.

గిద్దలూరు తమ్ముడూ, మీ పల్లె లోన్ల లిస్టు నీ దగ్గర ఉందన్నావు. అన్నాలయ్యాక అది పట్టుకుని ముందు వరసకు రా. పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకో. ఆ తర్వాత పట్టాలు చూద్దాం.

జై భీమ్.